మాష్టారు పుస్తకం ఎంచే పద్ధతి

పోయిన బుధవారం రెండో పీరియడ్ జరుగుతుండగా కాలేజీ ఆఫీసు గుమాస్తా వచ్చి క్లాసు గుమ్మంలో నిలబడ్డారు. "మేడం, పామర్రు నుంచి ఫోనొచ్చిందండి. మన స్టాటిస్టిక్స్ మాష్టారు ఇవాళ పొద్దున పోయారంటండి" అన్నారు.

బోర్డు మీద లెక్క సగంలో ఉంది. నేను వెనక్కి తిరిగి ఆ లెక్క పూర్తి చేశాను. ఎలా చేశానో నాకే తెలియదు. సగం లెక్క వదిలేసి క్లాసులోంచి బయటికి రాకూడదని నాకు నేర్పింది ఆయనే. "ఇంటికెళ్ళాక పిల్లలకి ఆ సగమే గుర్తుంటుందమ్మా" అనేవారు. జవాబు రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, అప్పుడు చెప్పాను. ఆ పిల్లల్లో ఎవరూ ఆయన్ని చూసినవాళ్ళు కాదు. ఆయన రిటైరై సొంత ఊరు పామర్రు వెళ్ళిపోయి రెండేళ్ళయింది. అయినా అందరూ లేచి నిలబడ్డారు. వాళ్ళ చేతుల్లో ఉన్న పుస్తకం ఆయన ఎంచింది. ఎలా ఎంచారో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

విజయవాడలో మా కాలేజీలో నేను ఎకనామిక్స్ లెక్చరర్‌గా చేరింది డెబ్బై రెండులో. మాది గుడివాడ దగ్గర వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో ఎం.ఎ. దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం అని ఇప్పుడు అంటున్నాను. చేరిన మరుసటి ఏడాది బి.ఎ. చివరి సంవత్సరానికి కొత్త పేపరు ఒకటి వచ్చింది. రిగ్రెషన్, ఎకనమెట్రిక్స్ పరిచయం, అంటే ఒకటి మారితే దాంతో ఇంకోటి ఎంత మారుతుందో అంకెల్లోంచి లెక్కగట్టే పాఠం. ఇష్టమైనవాళ్ళు తీసుకోవచ్చు, లేనివాళ్ళు వేరే పేపరు తీసుకోవచ్చు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మీరే చిన్నవారు, కొత్తగా చదువుకొచ్చినవారు. ఇది మీరు చెప్పండి. పుస్తకాలు కూడా మీరే ఎంచి లిస్టివ్వండి" అన్నారు.

నేను ఎం.ఎ.లో ఎకనమెట్రిక్స్ చదవలేదు. ఆ మాట ప్రిన్సిపాల్ గారికి చెప్పలేదు.

స్టాటిస్టిక్స్ మాష్టారి గది మెట్ల పక్కన ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల ప్యాంటు, తెల్ల పొడుగుచేతుల చొక్కా. చెవి మీద పెన్సిలు. పుస్తకం ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని వచ్చి రుమాలుతో తుడుచుకునేవారు. ఏ పుస్తకం పేరు చెప్పమంటారో అడుగుదామని వెళ్ళాను.

"పేరు చెప్పడం ఎంతసేపమ్మా! మీ క్లాసులో ఎవరెవరున్నారు? లెక్కలు ఎంతవరకు వచ్చు వాళ్ళకి?"

"బి.ఎ. పిల్లలే కదండీ. ఇంకా తెలీదు."

"అది తెలుసుకుని రండి. తర్వాత ఇద్దరం షాపుకెళదాం."

నాకు చిరాకేసింది. పుస్తకం పేరు అడిగితే పిల్లల సంగతి అడుగుతారేమిటి అనుకున్నాను. మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళలేదు. విశ్వవిద్యాలయం సిలబస్ చివర ఇచ్చిన పుస్తకాల్లో అన్నిటికంటే లావైనది, విదేశంలో అచ్చయినది, మా ప్రొఫెసర్ ఒకాయన గౌరవంగా ప్రస్తావించగా విన్నది ఒకటి ఉంది. దాన్నే లిస్టులో రాసి, లైబ్రరీకి పన్నెండు కాపీలు కావాలని పెట్టాను. మద్రాసు నుంచి రైల్లో పెట్టెలు వచ్చాయి. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. విప్పుతుంటే నాకే కొత్త నగ చూసినట్టు అనిపించింది.

ఆ పుస్తకంలో మూడో పేజీకే మాత్రికలు మొదలవుతాయి. ఒక్కో అక్షరం వెనక అంకెల పట్టిక మొత్తం దాక్కుని ఉంటుంది. నాకు అర్థం కాలేదు. ఇంటి దగ్గర నిరూపణలు బట్టీపట్టి వచ్చి బోర్డు మీద ఎక్కించేదాన్ని. పిల్లలు కాపీ చేసుకునేవారు. ఇలా మూడు వారాలు గడిచాక ముందు బెంచీలో కూర్చునే సరోజిని అనే అమ్మాయి లేచింది.

"మేడం, ఆ పెద్ద ఎక్స్ అంటే ఏంటండీ? మన వరి దిగుబడి లాంటిదైతే అందులో ఏం వేస్తామండీ?"

"ముందు రాసుకో. అర్థం తర్వాత చేసుకుందువుగాని" అన్నాను. గొంతు పెద్దదైంది. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. కూర్చుని తల వంచుకుని రాయసాగింది. కాసేపటికి నోటుబుక్కు మీద చుక్క రాలితే చేత్తో తుడవడం చూశాను. చూసి కూడా బోర్డు వైపు తిరిగాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఒక అర్జీ ఉంది. మాకు ఈ పేపరు వద్దు, వేరేది మార్చుకోనివ్వండి అని. పద్దెనిమిది మందిలో తొమ్మిది సంతకాలు. మొదటిది సరోజినిది. "ఇంకో ఇద్దరు వెళ్ళిపోతే ఈ పేపరే ఎత్తేస్తానమ్మా. నెలాఖరు దాకా చూద్దాం" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆ మధ్యాహ్నం మాష్టారే నా దగ్గరికి వచ్చారు. ఆ నల్ల పుస్తకం ఒకటి చంకలో ఉంది. ఎదురుగా కుర్చీ లాక్కుని, నేను క్లాసులో చెప్పిన పేజీయే తెరిచారు.

"ఈ పేజీ మీకు అర్థమైందా అమ్మా?"

"అయిందండి."

"అయితే కాస్త నాకు చెప్పి పెట్టండి. నాకు అర్థం కాలేదు."

వెటకారం అనుకుని ఆయన ముఖంలోకి చూశాను. వెటకారం లేదు. ఇరవై ఐదేళ్ళుగా స్టాటిస్టిక్స్ చెబుతున్న మనిషి పెన్సిలు పట్టుకుని, పాఠం కోసం వచ్చిన విద్యార్థిలా కూర్చున్నారు. నోరు తెరిచాను. బట్టీపట్టిన రెండు వాక్యాలు వచ్చాయి. మూడోది రాలేదు.

"నాకూ అర్థం కాలేదండి" అన్నాను. ఏడుపొచ్చింది.

"హమ్మయ్య! నేనొక్కణ్ణే అనుకున్నా" అన్నారాయన. "మేం చదువుకున్నప్పుడు ఈ మాత్రికలు లేవమ్మా. మూడు రోజుల్నించి కుస్తీ పడుతున్నా. శనివారం మధ్యాహ్నం మా ఇంటికి రండి, కలిసి చదువుదాం. వచ్చేటప్పుడు ఆ సంతకాలు పెట్టిన పిల్లల్లో ఒకరిని తీసుకురండి."

నా పరువు కాపాడటానికి అర్థం కానట్టు నటించారేమోనని చాలాకాలం అనుమానం ఉండేది. తర్వాత ఒకసారి అమ్మగారిని, అంటే మాష్టారి భార్యని, అడిగితే ఆవిడ నవ్వేశారు. "నటనా! ఆ మూడు రోజులూ అన్నం సయించలేదమ్మాయ్ ఆయనకి. ప్రార్థనలో కూడా ఆ పుస్తకం సంగతి ఎత్తారు."

సరోజినిని పిలవడానికి హాస్టలుకి నేనే వెళ్ళాను. "నిన్ను అలా అనుండకూడదు. నాకే జవాబు తెలియక అలా అన్నాను" అని చెప్పాను. అంత చిన్న పిల్లకి అలా చెప్పుకోవడం నాకు అదే మొదటిసారి. ఆ పిల్ల కంగారుపడి, "అయ్యో మేడం, పర్లేదండీ" అంది.

మాష్టారి ఇల్లు పటమటలో. ముందు గదిలో ఒక బల్ల, దాని మీద హార్మోనియం, పక్కన పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసిన పుస్తకాలు. ఆ రోజు బల్ల మీద నాలుగు పుస్తకాలు పెట్టారు. పేర్లు రాయను. ఒకటి మా నల్ల పుస్తకం. రెండోది మన దేశంలోనే ఒక ప్రొఫెసర్ రాసిన మధ్యరకం పుస్తకం. మూడోది బజార్లో దొరికే గైడు. నాలుగోది లైబ్రరీ వెనక బీరువాలో పడివున్న సన్నటి పాత పుస్తకం. దాని అట్ట సగం చిరిగింది. అది మరీ చిన్నపిల్లలదని నేనే పక్కన పెట్టేసినది.

"ముందుమాట చదవకండి. ఎవరి పుస్తకాన్ని వాళ్ళు అందులో పొగుడుకుంటారు" అన్నారు మాష్టారు. "ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదో చెప్పారా లేదా, అది చూడండి. తన మాట ఎక్కడ చెల్లదో చెప్పని పుస్తకం నాకొద్దు. తర్వాత చేసి చూపించిన లెక్క ఒకటి తీసుకుని మనమూ చేద్దాం. జవాబు కలవాలి."

నాలుగు పుస్తకాల్లోంచి నాలుగు లెక్కలు చేశాం. కాలేజీ నుంచి తెచ్చిన చేత్తో తిప్పే లెక్కల యంత్రం గరగరమంటూ ఉంటే సాయంత్రమైంది. గైడులో జవాబు తప్పు. "అచ్చుతప్పేమోలెండి" అన్నాను.

ఆయన యంత్రం పక్కకి జరిపారు. "నేనూ అలాగే అనుకునేవాణ్ణి. సర్వీసులో చేరిన రెండో ఏడు ఒక పుస్తకం చూసి సూత్రం చెప్పానమ్మా. అందులో ఒక గుర్తు తారుమారైంది. నేను సరిచూసుకోలేదు. పరీక్షలో నా క్లాసంతా అదే తప్పు రాశారు. ఒకడు ఆ పేపరు పోయి, చదువు మానేసి, హనుమాన్ జంక్షన్‌లో వాళ్ళ నాన్న టైర్ల కొట్లో కూర్చున్నాడు. బాగానే ఉన్నాడు, పెళ్ళికి కూడా పిలిచాడు. నేనే ఇప్పటికీ ఆ దారిన బస్సులో వెళ్తే కిటికీ పక్కన కూర్చోను."

ఆయన గైడు మూసి పక్కన పెట్టి, సరోజిని చేతిలో ఆ సన్నటి పుస్తకం పెట్టి, "ఈ రెండు పేజీలు చదివి మాకు పాఠం చెప్పమ్మా. మేం విద్యార్థులం" అన్నారు.

సరోజిని పది నిమిషాలు చదివింది. చెప్పడానికి తడబడుతుంటే మాష్టారు లోపలికెళ్ళి గుప్పెడు కందిపప్పు తెచ్చి గ్రాఫు కాగితం మీద పెట్టారు. వెనకనుంచి అమ్మగారు, "మళ్ళీ మొదలెట్టారూ! ఇక ఆ పప్పు పొయ్యి మీదికి రాదు" అన్నారు. సరోజిని పలుకుల్ని చుక్కల్లా అక్కడక్కడా పేర్చింది. మాష్టారిచ్చిన దారం ముక్కని వాటి మధ్యగా సాగదీసి పట్టుకుంది. ఇటు జరిపితే ఈ పలుకు దగ్గరవుతుంది, ఆ పలుకు దూరమవుతుంది. దారానికీ ప్రతి పలుకుకీ ఉన్న నిలువు దూరాన్ని కొలిచి, వర్గం చేసి, అన్నీ కలిపితే వచ్చే మొత్తం ఎక్కడ అన్నిటికంటే తక్కువో అక్కడ దారం ఆగాలి.

"అంతేనాండీ?" అంది.

"అంతే" అన్నారు మాష్టారు.

"మరి ఆ పెద్ద పుస్తకంలో ఉందీ ఇదేనాండీ?"

"ఇదే. వాళ్ళు ఒకేసారి చాలా దారాలు లాగుతారు."

నల్ల పుస్తకం నాకేమీ చెప్పలేదని అప్పటిదాకా అనుకున్నాను. అసలు అది నాతో మాట్లాడటానికి రాసిందే కాదని ఆ రోజు తెలిసింది. మాష్టారు దాన్ని తీసిపారేయలేదు. "మంచి పుస్తకమే. దీని దగ్గరికి తర్వాత వద్దాం" అని మళ్ళీ అట్ట సర్దారు. ముందు సన్నటిది, తర్వాత మధ్యరకం. అదీ ఆయన తేల్చింది.

ఇప్పుడు అసలు చిక్కు. సన్నటి పుస్తకం మా దగ్గర ఒక్కటే ఉంది. కొత్తగా తెప్పించాలంటే, అప్పుడే తెప్పించిన పన్నెండింటి సంగతి చెప్పాలి. "నేను రాస్తాను, ఇద్దరం కలిసి ఎంచామని" అన్నారు మాష్టారు. నేను వద్దన్నాను. నా పేరు మీదే వచ్చాయి, నేనే చెప్పాలి. కాగితం రాసి ఆయనకి చూపించాను. నా ఘోరమైన పొరపాటు వల్ల అని రాశాను. ఆయన చెవి మీది పెన్సిలు తీసి "ఘోరమైన" కొట్టేశారు. "పొరపాటు చాలమ్మా" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు చదివి, చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఈ రకం కాగితం నా బల్ల మీదికి మొదటిసారి వచ్చింది" అన్నారు. కొత్త పుస్తకాలకి వెంటనే ఒప్పుకోలేదు. దొరికినన్ని పాతవి సంపాదించుకోండి, మిగతావి వచ్చే ఏడు చూద్దాం అన్నారు.

ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగాం. మాష్టారు సైకిలు నడిపించుకుంటూ ముందు, నేనూ సరోజినీ వెనక. ఒక షాపతను మాష్టారిని చూస్తూనే స్టూలు వేశాడు. "ఈయన ఒప్పుకున్న పుస్తకమైతే నేను ఇంకేం చూడకుండా తెప్పిస్తానండి. ఒప్పుకోనివే తంటా. మా ముందే తప్పులన్నీ చదువుతారు" అని నాతో అన్నాడు. ఆ వారంలో అయిదు కాపీలు దొరికాయి. ముగ్గురికొకటి చొప్పున సర్దాం. ఇవ్వబోయే ముందు ప్రతి కాపీలోనూ తప్పుల్ని మాష్టారు పెన్సిలుతో దిద్దారు. కష్టమైన చోట అంచున చిన్న అక్షరాలతో రాశారు: "ఇక్కడ నేనూ ఆగిపోయాను. కాఫీ తాగి వచ్చి మళ్ళీ చదవండి."

సంతకాలు చేసిన తొమ్మిది మందిలో ఆరుగురు వెనక్కి వచ్చారు. పేపరు నిలబడింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక మాష్టారు మా క్లాసు మొత్తాన్నీ పామర్రు తీసుకెళ్ళారు. వాళ్ళ తమ్ముడు అక్కడ వ్యవసాయం చేసేవారు. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువు వేశారు, ఎన్ని బస్తాల వడ్లు పండాయి అని అడిగి రాసుకొచ్చారు. మధ్యాహ్నం చర్చి వరండాలో కూర్చుని గ్రాఫు మీద చుక్కలు పెట్టారు. చుక్కలన్నీ ఒక వాలులో వస్తుంటే ఒక్కటి మాత్రం ఎక్కడో పైన నిలబడింది. ఒక పెద్దాయన దాదాపు ఎరువే వేయలేదు, పంట మాత్రం అందరికంటే మిన్నగా ఉంది.

"ఆయన తప్పు చెప్పుంటాడు సార్, తీసేద్దామా? గైడులో కూడా తేడాగా ఉన్నవి తీసేయమనే ఉంది" అన్నాడొక కుర్రాడు.

"గీత మనం గీసుకున్నది. చుక్క నిజంగా జరిగినది" అన్నారు మాష్టారు. "తీసేసే ముందు ఆయన్ని అడిగారా?"

ఎండలో మళ్ళీ గట్ల మీద నడిచాం. ఆ పెద్దాయన గొడ్డు దగ్గర ఉన్నాడు. సరోజిని అడిగింది. "నేనేం అబద్ధం చెప్పానా అమ్మాయ్! ఎరువు బస్తాలెన్ని అన్నారు, చెప్పాను. మా చేలో ఏటా పిల్లిపెసర చల్లి, పచ్చగా ఉండగానే కలియదున్నుతాం, అదే మాకు ఎరువు. ఆ సంగతి మీరు అడిగారా?" అన్నాడాయన.

పిల్లలు ఆ మాట కూడా రాసుకున్నారు. మేం అడగని ప్రశ్న ఒకటి ఆ చేలోనే ఉంది. తిరిగొచ్చాక మాష్టారు నాలుగు పుస్తకాలూ తీయించి, లెక్కలోకి రాకుండా వదిలేసినదాని సంగతి ఎవరు ఎలా చెప్పారో వెతకమన్నారు. గైడులో లేదు. సన్నటి పుస్తకంలో రెండు పేరాలున్నాయి. మధ్యరకంలో నాలుగు పేజీలు. నల్ల పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం దాని మీదే ఉంది. నేను ఆ అధ్యాయం చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ అర్థమైంది. రెండోదీ అర్థమైంది. పెద్ద ఎక్స్ వెనక ఎరువు బస్తాలు, పిల్లిపెసర, ఆ పెద్దాయన కనబడ్డారు. తల ఎత్తి చూస్తే మాష్టారు నన్నే చూస్తున్నారు.

"వచ్చిందా?" అన్నారు.

"వచ్చిందండి" అన్నాను. ఈసారి అబద్ధం కాదు.

ఆ ఏడాది పదిహేను మందిలో పదముగ్గురు పాసయ్యారు. తప్పిన ఇద్దరినీ మాష్టారు వేసవంతా పటమట పిలిపించుకున్నారు. సెప్టెంబరు పరీక్షల్లో ఒకడు గట్టెక్కాడు, ఒకడు ఎక్కలేదు. ఎక్కనివాడి గురించే ఆయన ఎక్కువ మాట్లాడేవారు. సరోజిని ఎం.ఎ. చదివి ఇప్పుడు గణాంక శాఖలో పనిచేస్తోంది. నేనూ సెలవుల్లో చదువుకుని ఎకనమెట్రిక్స్‌లోనే పరిశోధనకి పేరు రాయించుకున్నాను. ఆ కబురు చెబితే ఆయన అభినందించే ముందు, "ఏ పుస్తకంతో మొదలెట్టారు?" అని అడిగారు.

గురువారం పామర్రు వెళ్ళాను. చర్చి నిండిపోయింది. ఊరివాళ్ళు, పాత విద్యార్థులు, ఎక్కడెక్కడినుంచో వచ్చిన లెక్చరర్లు. నాకు చర్చి పద్ధతులు తెలియవు. ఆడవాళ్ళ వైపు చివరి వరుసలో సర్దుకుని కూర్చున్నాను. ముందు వరుసలో అమ్మగారి తెల్లచీర కొంగు మాత్రమే కనబడుతోంది. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. అంతమందీ ఒక్కసారిగా పాటల పుస్తకాలు తెరిచారు. ఆ కాగితాల చప్పుడు చర్చి అంతా పాకింది. నా చేతులు ఖాళీగా ఉన్నాయి. పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ, నేనెవరో ఆమెకి తెలియదు, తన పుస్తకాన్ని కాస్త నా వైపు జరిపింది. పొలం పనికి మొద్దుబారిన వేలుని మొదటి పదం కింద పెట్టింది. పాట మొదలైంది. ఆమె వేలు ఒక్కో పదం కిందుగా జరుగుతూ, నేను వెనకబడిన చోట నాకోసం ఆగుతూ, మెల్లగా ముందుకి సాగింది.